జాతియా, ఉపాధియా: సముద్ర క్షీరదాల బ్యాక్టీరియా లేవనెత్తే తార్కిక ప్రశ్న

"సముద్ర క్షీరదంలో కొత్త బ్యాక్టీరియా జాతి బయటపడింది" అన్న వాక్యం సూక్ష్మజీవశాస్త్ర పత్రికల్లో తరచు కనిపించేదే అయినా, దానిలో మూడు వేర్వేరు ప్రతిపాదనలు ఇమిడి ఉన్నాయి: ఇదివరకు ఎవరూ వేరుచేసి పెంచని జీవి ఒకటి దొరికిందన్నది మొదటిది, ఆ జీవి తెలిసిన జాతుల్లో దేనిలోనూ ఇమడదన్నది రెండవది, అది చెందవలసిన జాతి లోకంలో ముందునుంచీ ఉండి ఇప్పుడు పేరు మాత్రమే పొందిందన్నది మూడవది. మొదటిదానిని కన్నూ సూక్ష్మదర్శినీ తేల్చగలవు. రెండవదానిని పోలిక తేలుస్తుంది. మూడవది మాత్రం ప్రయోగశాల తేల్చగల విషయం కాదు, ఎందుకంటే అనేక వ్యక్తులలో ఒకటిగా ఉండే సామాన్యం అనే పదార్థం నిజంగా ఉన్నదా, లేక వ్యవహారం కోసం బుద్ధి కల్పించుకున్నదా అని న్యాయ దర్శన తార్కికులైన నైయాయికులకూ బౌద్ధులకూ మధ్య శతాబ్దాలపాటు సాగిన వాదంలో అది ఒక పక్షం. ఆ వాదం ఆవునూ కుండనూ ఉదాహరణలుగా పెట్టుకొని నడిచింది. సీలు ఊపిరితిత్తుల్లోనో, పార్పాయిస్ (డాల్ఫిన్‌ను పోలి మొద్దు మూతి గల చిన్న సముద్ర క్షీరదం) గర్భాశయంలోనో దొరికిన సూక్ష్మజీవిని ఉదాహరణగా తీసుకుంటే ఆ వాదపు బలాబలాలు కొంత మారుతాయి. ఏ పక్షం ఎక్కడ నిలుస్తుందో, ఎక్కడ జారుతుందో ఆవు కంటే ఈ జీవే తేటగా చూపిస్తుంది.

ఆవు విషయంలో సామాన్యాన్ని ఒప్పుకోవడానికి లోకం పెద్దగా తడబడదు. ఆవుకు దూడే పుడుతుంది, ఆ దూడ పెరిగి మళ్లీ తన మందలోనే జత వెతుక్కుంటుంది. అందువల్ల తమలో తాము జతకట్టి సంతానాన్ని కనగల ప్రాణుల సముదాయమే జాతి అని ఎర్నెస్ట్ మేయర్ 1942లో ఇచ్చిన నిర్వచనం అక్కడ చక్కగా అతుకుతుంది. బ్యాక్టీరియాకు ఆ రకమైన జతకట్టడం లేదు. ఒక కణం చీలి రెండవుతుంది, రెండు నాలుగవుతాయి. ఆ చీలికలో తల్లి ఏదో బిడ్డ ఏదో చెప్పడానికి చాలాసార్లు ఆధారమే ఉండదు. పైగా ఒక కణం తన పక్కనున్న పరాయి కణం నుంచి, అప్పుడప్పుడు చాలా దూరపు వంశానికి చెందిన కణం నుంచి కూడా, జన్యువులను అందుకుంటుంది. తరం నుంచి తరానికి కాక సమకాలికుల మధ్య జరిగే ఈ మార్పిడిని క్షితిజ సమాంతర జన్యు బదిలీ అంటారు. పుట్టుకతో వచ్చే హద్దు లేనిచోట, సంపర్కమే లక్షణాలను మార్చేస్తున్నచోట, జాతి హద్దును దేనితో గీయాలన్నదే సూక్ష్మజీవశాస్త్రజ్ఞులకు ఎదురైన మొదటి చిక్కు.

వారు గీసిన హద్దులు కొలతల రూపంలో ఉన్నాయి. రెండు బ్యాక్టీరియాల డీఎన్ఏ పోగులను వేడిచేసి విడదీసి, ఒకదాని పోగు రెండవదాని పోగుతో ఎంతమేరకు పెనవేసుకుంటుందో కొలిచే పద్ధతిని డీఎన్ఏ సంకరీకరణ అంటారు. ఆ పెనవేత 70 శాతం గాని అంతకు మించి గాని ఉంటే రెండూ ఒకే జాతి అని 1987లో ఒక అంతర్జాతీయ నిపుణుల సంఘం నిర్ణయించింది. తరువాత మొత్తం జన్యురాశిని అక్షరాలుగా చదవడం సులభమయ్యాక, రెండు జన్యురాశుల్లో సరిపోలే భాగాలు సగటున ఎంత శాతం ఒకటిగా ఉన్నాయో లెక్కించే పద్ధతి వచ్చింది. అక్కడ 95 లేదా 96 శాతం హద్దుగా నిలిచింది. ఇవి కాక, కణంలో ప్రోటీన్లను తయారుచేసే రైబోసోముకు సంబంధించిన 16ఎస్ అనే జన్యువును తొలి జల్లెడగా వాడతారు; అది చాలా నెమ్మదిగా మారే జన్యువు కనుక దూరపు బంధుత్వాలను బాగా చూపుతుంది, దగ్గరి బంధుత్వాల దగ్గర మాత్రం మూగబోతుంది.

ఈ అంకెలు ఎక్కడినుంచి వచ్చాయని అడగడం తార్కికుడి హక్కు. 70 శాతం అన్నది ప్రకృతి గీసిన గీత కాదు. అప్పటికే పెరుగుదల తీరు, ఆకృతి, రసాయన ప్రతిక్రియలు, కలిగించే రోగాలు చూసి వేరు జాతులుగా ఒప్పుకున్న బ్యాక్టీరియాలను తీసుకొని, వాటి విభజనకు దాదాపు సరిపోయే అంకెగా దానిని ఎంచుకున్నారు. 95 శాతాన్ని మళ్లీ ఆ 70 శాతానికి సరితూగేలా నిలబెట్టారు. అంటే జాతిని కొలతతో నిర్ణయించి, కొలతను ముందుగా ఒప్పుకున్న జాతులతో నిర్ణయించినట్లయింది. ఒకదానికొకటి ఆధారమయ్యే ఈ తీరును న్యాయశాస్త్రం అన్యోన్యాశ్రయ దోషం అంటుంది. అయితే ఈ దోషాన్ని ఎత్తిచూపినంత మాత్రాన కొలత పనికిరానిదని తేలదు. మూరకు జానలు, జానకు బెత్తెలు చెప్పి ఊరంతా గుడ్డ కొనుక్కున్నట్లే, ఒప్పందం మీద నిలిచిన కొలత కూడా వ్యవహారాన్ని నడపగలదు. కాకపోతే ఆ కొలత ఆధారంగా "ఈ జాతి నిజంగా ఉంది" అని చెప్పే అధికారం మాత్రం దానికి రాదు.

న్యాయ వైశేషిక దర్శనాలు జాతిని నిత్యమైనదిగా, ఒకటే అయి ఉండి అనేక వ్యక్తులలో సమవాయం అనే విడదీయరాని సంబంధంతో ఉండేదిగా నిర్వచించాయి. పదిహేడవ శతాబ్దపు తెలుగువాడైన అన్నంభట్టు రచించిన తర్కసంగ్రహం ద్వారా ఈ నిర్వచనం ఈనాటికీ సంస్కృత పాఠశాలల్లో తొలి ఏడాదే విద్యార్థుల చెవిన పడుతుంది. కాని అంతగా తెలియని విషయం ఏమిటంటే, నైయాయికులు ప్రతి సాధారణ ధర్మాన్నీ జాతిగా ఒప్పుకోలేదు. అనేక వస్తువులను ఒకే మాటతో పిలుస్తున్నంత మాత్రాన వాటిలో ఒక జాతి ఉన్నట్లు కాదని, కొన్ని అడ్డంకులు లేనప్పుడే ఆ ధర్మానికి జాతి పదవి దక్కుతుందని పది, పదకొండు శతాబ్దాల నాటి ఉదయనాచార్యుడు ఆరు జాతిబాధకాలను పేర్కొన్నాడు. ఆ పరీక్షలో ఓడిన ధర్మాన్ని ఉపాధి అన్నారు. అంటే వస్తువుల మీద బుద్ధి మోపిన, మాటలతో విడదీసి చెప్పదగిన లక్షణం. జాతివాదులే జాతికి ఇంత కఠినమైన ప్రవేశ పరీక్ష పెట్టడం వారి వాస్తవవాదపు నిజాయితీకి గుర్తు.

ఆ ఆరింటిలో రెండు బాధకాలు ఇక్కడ నేరుగా పనికొస్తాయి. మొదటిది వ్యక్తి అభేదం: వ్యక్తి ఒక్కటే అయినచోట జాతి ఉండదు, ఆకాశం ఒక్కటే కనుక ఆకాశత్వం జాతి కాదు. 2004లో కొరినిబ్యాక్టీరియం కాస్పియం అనే జాతిని వర్ణించినప్పుడు అది ఒక కాస్పియన్ సీలు నుంచి వచ్చినది. సముద్ర క్షీరదాల బ్యాక్టీరియాలలో ఇలా ఒకటి రెండు నమూనాల మీదే నిలిచిన పేర్లు చాలా ఉన్నాయి. ఇక్కడ నైయాయికుడి అభ్యంతరం కొంత సడలించి చదవాలి, ఎందుకంటే వర్ణించినవి ఒకటి రెండే అయినా ఉన్నవి అన్నే అని ఎవరూ అనరు. అయినా, ఏ లక్షణం ఆ జాతికి సాధారణమో, ఏది ఆ ఒక్క వ్యక్తి విశేషమో ఒక్క నమూనా చెప్పలేదన్న అంశం మిగులుతుంది. రెండవ బాధకం సంకరం. రెండు ధర్మాలు ఒకదానిని విడిచి ఒకటి ఉండగలిగి, మరికొన్ని చోట్ల కలిసి కూడా ఉంటే, అవి జాతులు కాలేవు. పంచభూతాలలో ఉండే భూతత్వం ఆకాశంలో ఉంది, మనస్సులో లేదు. పరిమిత పరిమాణం గల వాటిలో ఉండే మూర్తత్వం మనస్సులో ఉంది, ఆకాశంలో లేదు. భూమి, నీరు, అగ్ని, వాయువులలో రెండూ ఉన్నాయి. కాబట్టి రెండూ ఉపాధులే. జాతులు ఒకదానిలో ఒకటి ఒదిగి ఉండవచ్చు, అడ్డంగా ఒకదానినొకటి కోసుకోకూడదని దీని సారం.

క్షితిజ సమాంతర జన్యు బదిలీ ఈ సంకరానికి అచ్చమైన ఉదాహరణ. ఒక విషపదార్థాన్ని తయారుచేసే జన్యువు, ఒక మందును తట్టుకునే జన్యువు ఒక వంశంలోని కొన్ని కణాల్లో ఉండి కొన్నింటిలో ఉండకపోవచ్చు, వేరే వంశంలోని కొన్నింటిలో కూడా ఉండవచ్చు. వంశాన్ని బట్టి చేసిన విభజన, సామర్థ్యాన్ని బట్టి చేసిన విభజన ఒకదానినొకటి అడ్డంగా కోసుకుంటాయి. ఉదయనుడి నియమాన్ని యథాతథంగా వర్తింపజేస్తే బ్యాక్టీరియా జాతులుగా పిలిచే వాటిలో చాలా భాగం ఉపాధులుగా తేలుతుంది. తరువాతి కాలపు నవీన నైయాయికులలో కొందరు సంకరాన్ని దోషంగానే ఒప్పుకోలేదన్నది నిజమే. కాని సూక్ష్మజీవుల విషయంలో ప్రాచీనుల పట్టుదలే మెరుగైన దారి చూపుతుందని చెప్పవలసి ఉంటుంది. ఉపాధి అనడం ఆ ధర్మాన్ని అబద్ధమనడం కాదు. వస్తువులో ఉన్న లక్షణాలను ఆధారంగా చేసుకొనే, ఒక ప్రయోజనం కోసం వాటిని గుదిగుచ్చి ఒక పేరు కిందికి తెచ్చారని మాత్రమే దాని అర్థం.

బౌద్ధ పక్షం ఇంతకంటే ముందుకు వెళ్లింది. అయిదు, ఆరు శతాబ్దాల నాటి దిఙ్నాగుడు, ఆవు అన్న పదం ఆవులన్నింటిలో ఉన్న ఒక వస్తువును చెప్పదని, ఆవు కాని వాటిని తోసిపుచ్చడమే ఆ పదం పని అని అపోహ సిద్ధాంతాన్ని ప్రతిపాదించాడు. చైనా యాత్రికుడు హ్యూయన్ త్సాంగ్ ఆంధ్రదేశాన్ని వర్ణిస్తూ, వేంగి సమీపంలోని ఒక ఒంటరి కొండ మీద దిఙ్నాగుడు తర్కగ్రంథం రచించాడని రాశాడు; కనుక ఈ వాదానికి గోదావరి, కృష్ణల నడుమ నేలతోనూ కొంత చుట్టరికం ఉంది. కొత్త బ్యాక్టీరియా జాతిని ప్రకటించే ఏ పత్రం తీసినా అందులో ఒక పట్టిక ఉంటుంది: ఇది ఫలానా చక్కెరను పులియబెట్టదు, ఫలానా ఎంజైమును తయారుచేయదు, పొరుగు జాతులలో ఒకటి చేస్తుంది, ఇంకొకటి చేయదు. ఆ పట్టికకు భేదపట్టిక అనే పేరు సరిపోతుంది. అది కొత్త జీవి ఏమిటో చెప్పదు, అది ఏది కాదో చెబుతుంది. ఆచరణలో వర్గీకరణకారుడు చేసే పనిని దిఙ్నాగుడు వర్ణించినంత సరిగా జాతివాదులు వర్ణించలేదు.

అయినా అపోహవాదానికి ఎదురయ్యే ఒక వాస్తవం ఉంది. 2018లో దాదాపు 90,000 బ్యాక్టీరియా జన్యురాశులను ఒకదానితో ఒకటి పోల్చి చూసినప్పుడు, 95 శాతానికి పైన సామ్యం ఉన్న జంటలు, 83 శాతానికి దిగువన ఉన్న జంటలు విరివిగా కనిపించాయి. ఆ రెండు అంకెల మధ్య జంటలు చాలా అరుదు. బుద్ధి గీసిన గీతలే తప్ప లోకంలో గుంపులు లేవన్నప్పుడు ఈ ఖాళీ ఎందుకుండాలన్న ప్రశ్నకు బౌద్ధుడు జవాబు చెప్పుకోవలసి వస్తుంది. మనుషులకు రోగం తెచ్చేవాటినే ఎక్కువగా సేకరించి చదివినందువల్ల ఆ ఖాళీ ఏర్పడిందని తరువాత కొందరు విమర్శించారు. సముద్ర క్షీరదాల విషయంలో ఈ విమర్శకు బలం ఎక్కువ, ఎందుకంటే ఈ ప్రాణులు శాస్త్రజ్ఞుల చేతికి చిక్కేది చాలావరకు ఒడ్డుకు కొట్టుకొచ్చిన కళేబరాలుగానో, కొలనుల్లో పెంచే బందీలుగానో మాత్రమే. తిమింగలం పైకి వచ్చి ఊపిరి వదిలినప్పుడు ఎగసే తుంపరను డ్రోన్లతో పట్టి పరీక్షించడం ఇటీవలి మాట. ఆరోగ్యంగా ఈదుతూ పోయే వేలాది ప్రాణుల్లో ఉన్నవేమిటో ఆ లెక్కలోకి రాలేదు.

బౌద్ధ తార్కికుడు ధర్మకీర్తి ఏడవ శతాబ్దంలో ఇచ్చిన మరో సమాధానం ఇంతకంటే పదునైనది. వేర్వేరు మూలికలు, వాటిలో తిప్పతీగ ఒకటి, విడివిడిగాను కలిసిగాను జ్వరాన్ని తగ్గిస్తాయి. అన్నీ జ్వరహరాలు అనడానికి వాటిలో ఒక సామాన్యం కూర్చుని ఉండనక్కరలేదు, ఒకే పనిని చేయడమే చాలు అన్నాడు. పనిని సాధించే ఈ సామర్థ్యాన్ని అతడు అర్థక్రియ అన్నాడు. బ్రూసెల్లా అనే ప్రజాతి, అంటే జాతుల పైమెట్టు, చరిత్ర మొత్తం ఈ మాటకు వ్యాఖ్యానంగా చదవదగినది.

1887లో మాల్టా ద్వీపంలో డేవిడ్ బ్రూస్ జ్వరంతో చనిపోయిన సైనికుల్లో ఒక సూక్ష్మజీవిని వేరుచేశాడు. 1905లో అది మేకపాల ద్వారా వస్తుందని తేలింది. 1897లో డెన్మార్కులో బెర్న్‌హార్డ్ బాంగ్ ఈసుకుపోయిన ఆవులలో, అంటే నెలలు నిండక ముందే దూడను జారవిడిచిన ఆవులలో, మరొక సూక్ష్మజీవిని చూశాడు. తరువాత మెలిటెన్సిస్ అన్న పేరు పొందినది మేకది, అబార్టస్ అన్న పేరు పొందినది ఆవుది. రెండింటికీ పొత్తు ఉందని ఎవరికీ తట్టలేదు. 1918లో అమెరికా శాస్త్రజ్ఞురాలు ఆలిస్ ఇవాన్స్ ఆ రెండూ దాదాపు ఒకటేనని చూపినప్పుడు చాలామంది నమ్మడానికి ఇష్టపడలేదు. తరువాత పంది, గొర్రె, కుక్క, ఎడారి ఎలుకల నుంచి మరికొన్ని చేరి, మొత్తం ఆరు జాతులయ్యాయి. 1985లో ఫ్రాన్సుకు చెందిన వెర్జే బృందం డీఎన్ఏ సంకరీకరణ జరిపి, ఆరింటి మధ్య సామ్యం 70 శాతానికి ఎంతో పైన ఉందని, కనుక ఇవన్నీ బ్రూసెల్లా మెలిటెన్సిస్ అనే ఒకే జాతి అని ప్రతిపాదించింది. కొలత ప్రకారం అందులో తప్పు లేదు. 16ఎస్ జన్యువు ఆ ఆరింటిలోనూ అక్షరం తేడా లేకుండా ఒకటే. అయినా పశువైద్యులు, ప్రజారోగ్య అధికారులు పాత పేర్లను వదలలేదు, చివరికి 2003లో సమావేశమైన వర్గీకరణ ఉపసంఘం ఆరు జాతులనూ తిరిగి నిలబెట్టింది.

ఈ వాదం ముగియకముందే సముద్రం నుంచి వచ్చినవి అందులో చేరాయి. 1994లో స్కాట్లాండు తీరంలో సీళ్లలో, పార్పాయిస్‌లలో, ఒక డాల్ఫిన్‌లో బ్రూసెల్లాలు దొరికాయి. అదే ఏడాది కాలిఫోర్నియాలో ఒక డాల్ఫిన్ ఈసుకుపోగా ఆ పిండంలోనూ దొరికింది. ఆరు జాతుల్లో ఏదీ వీటితో సరిపోలేదు. మొదట అన్నింటికీ కలిపి ఒకే పేరు సూచించారు, తరువాత రెండుగా విడగొట్టారు, 2007లో బ్రూసెల్లా సెటి, బ్రూసెల్లా పిన్నిపీడియాలిస్ అన్న పేర్లు చట్టబద్ధమయ్యాయి: మొదటిది డాల్ఫిన్లు, పార్పాయిస్‌లు, తిమింగలాలలో ఉండేది, రెండవది సీళ్లలో ఉండేది. పెరగడానికి అదనపు కార్బన్ డయాక్సైడు కావాలా, గాలాక్టోజ్ అనే చక్కెరను వాడుకోగలదా అన్న భేదాలు పట్టికకు ఎక్కాయి. కాని అసలు విభజన రేఖ ఆశ్రయమిచ్చే ప్రాణే. ఇక్కడ జాతి అన్నది బ్యాక్టీరియాలో ఎంత ఉందో, అది ఇల్లు చేసుకున్న శరీరంలోనూ అంత ఉంది.

బ్రూసెల్లాలన్నింటినీ ఒకే జాతిగా చేయడంలో తర్కశుద్ధి ఉండగా విడిగా ఉంచడంలో ఏ న్యాయం ఉందని అడిగితే, దానికి ధర్మకీర్తి జవాబే సరిపోతుంది. భారత ప్రభుత్వం 2019లో ప్రారంభించిన జాతీయ పశువ్యాధి నియంత్రణ కార్యక్రమంలో నాలుగు నుంచి ఎనిమిది నెలల వయసు గల ఆడ దూడలకు వేసే టీకా అబార్టస్ వంశం నుంచి తయారైనది. మేకలకు వాడే టీకా వేరు. పాడిరైతుకూ పశువైద్యుడికీ అబార్టస్, మెలిటెన్సిస్ అన్న భేదం నిజమైనది, ఎందుకంటే ఆ భేదం మీద ఆధారపడి చేసిన పని ఫలిస్తుంది. 2020లో దీనికి తలకిందుల పరిస్థితి తలెత్తింది: ఎక్కువగా మట్టిలో ఉండి, అరుదుగా మాత్రమే బలహీనులకు జబ్బు చేసే ఓక్రోబ్యాక్ట్రమ్ అనే ప్రజాతిని జన్యురాశుల పోలిక ఆధారంగా బ్రూసెల్లాలో కలపాలని ప్రతిపాదన వచ్చింది. ప్రయోగశాలలో కట్టుదిట్టమైన రక్షణతో తప్ప ముట్టుకోరాని రోగకారకాలకూ, మామూలు మట్టి సూక్ష్మజీవులకూ ఒకే ఇంటిపేరు పెడితే వైద్యుడు పొరబడతాడని బ్రూసెల్లా నిపుణులు గట్టిగా అభ్యంతరం చెప్పారు. వంశాన్ని ప్రమాణంగా తీసుకున్నవారు, అర్థక్రియను ప్రమాణంగా తీసుకున్నవారు ఒకే పదాన్ని రెండు పనులకు వాడుతున్నారని గుర్తిస్తే ఆ వివాదంలో వేడి సగం తగ్గేది.

ఆశ్రయాన్ని బట్టి గీసిన గీత కూడా అన్నిచోట్లా నిలవలేదు. పెరూలో ఇద్దరు రోగుల మెదడులో, న్యూజిలాండులో ఒకరి వెన్నెముకలో సముద్రపు బ్రూసెల్లా బయటపడింది. ఆ ముగ్గురిలో దొరికినవి ఎస్‌టీ27 అని పిలిచే ఒకే ఉపవంశానికి చెందినవి, కాలిఫోర్నియా డాల్ఫిన్ పిండంలో దొరికిన దానికి కూడా అదే వంశం. స్కాట్లాండు తీరపు సీళ్లలో, పార్పాయిస్‌లలో కనిపించిన వంశాలు దానికంటే భిన్నమైనవి. రెండే పేర్లున్న చోట మూడవ వంశాన్ని ఎక్కడ కూర్చోబెట్టాలన్నది పట్టిక చెప్పదు.

పేరు దేనికి కట్టుబడి ఉంటుందన్న ప్రశ్న ఇంతకంటే లోతైనది, పైకి దఫ్తరు వ్యవహారంలా కనిపిస్తున్నా దర్శనశాస్త్రం ఆగి చూడవలసినది. బ్యాక్టీరియాల నామకరణ నియమావళి ప్రకారం ప్రతి జాతికీ ఒక ప్రమాణ స్ట్రెయిన్ ఉండాలి. స్ట్రెయిన్ అంటే ఒకే నమూనా నుంచి వేరుచేసి, శుద్ధంగా పెంచి కాపాడుకుంటూ వచ్చిన వంశం. దానిని రెండు వేర్వేరు దేశాల్లోని సూక్ష్మజీవి భాండాగారాల్లో సజీవంగా భద్రపరచాలి. బ్రూసెల్లా సెటికి ప్రమాణం 1994లో ఒక పార్పాయిస్ నుంచి వచ్చిన స్ట్రెయిన్, పిన్నిపీడియాలిస్‌కు ఒక సీలు నుంచి వచ్చినది. జాతి హద్దులు రేపు విస్తరించినా కుంచించుకుపోయినా, ఆ గొట్టంలో ఉన్న వంశం ఏ హద్దులో పడితే పేరు ఆ హద్దుకు చెందుతుంది. ప్రమాణ స్ట్రెయిన్ తన జాతిలో సగటుదై ఉండాలన్న నియమం కూడా లేదు. సామాన్యం యొక్క సారాన్ని ధరించిన ఆదర్శ వ్యక్తి అది కాదు. పేరును నేలకు దిగగొట్టిన మేకు మాత్రమే.

మరి ఆ గొట్టంలో ఉన్నది వ్యక్తియా? న్యాయ పరిభాషలో వ్యక్తి అంటే ఇదీ అని చూపగల ఒక్కటి. గడ్డకట్టించి ఉంచిన కణాలు కోట్లు. వాటిని ఒక భాండాగారం నుంచి మరొకదానికి పంపి మళ్లీ పెంచినప్పుడు పాత కణాలు పోయి కొత్తవి వస్తాయి, ప్రతి పెంపకంలోనూ చిన్న చిన్న ఉత్పరివర్తనలు చేరతాయి, ఒకే ప్రమాణ స్ట్రెయిన్‌గా చెలామణి అవుతున్న రెండు ప్రతులు కొన్ని అక్షరాల్లో వేరుపడటం కూడా కద్దు. అది వ్యక్తి కాదు, జాతి కాదు. బౌద్ధులు సంతానం అన్న మాటతో చెప్పిన ఎడతెగని క్షణాల వరుసకు అది చాలా దగ్గరగా ఉంది. దీపజ్వాల ప్రతి క్షణమూ వేరైనా దీపం ఒకటే అన్న వ్యవహారం ఎలా సాగుతుందో, స్ట్రెయిన్ ఒకటే అన్న వ్యవహారం అలాగే సాగుతుంది. కనుక బ్యాక్టీరియా జాతి ఒక సంతానానికి కట్టిన ఉపాధి అన్నది ఈ విచారణలో నిలదొక్కుకునే పక్షం; నైయాయికుడి నుంచి ఉపాధిని, బౌద్ధుడి నుంచి సంతానాన్ని తెచ్చుకున్న ఈ కలయికను ఇద్దరూ ఒప్పుకోరేమో గాని, ప్రయోగశాల ఆచరణ అచ్చంగా అదే.

మేకు ఎక్కడ దిగిందన్నది కాకతాళీయం. 1976లో బంధించి పెంచుతున్న అమెజాన్ నదీ డాల్ఫిన్ ఒంటి మీది గడ్డల నుంచి వేరుచేసిన స్ట్రెప్టోకాకస్‌కు ఆ డాల్ఫిన్ శాస్త్రీయ నామమైన ఇనియాను బట్టి ఇనియే అని పేరు పెట్టారు. అది ప్రధానంగా చేపల రోగకారకమని, తిలాపియా చేపను శుభ్రం చేసే చేతుల గాయాల ద్వారా మనుషులకూ సోకుతుందని తరువాత తెలిసింది. 1995లో పార్పాయిస్, మింకీ తిమింగలాల నుంచి వర్ణించిన సెటోబ్యాక్టీరియం ప్రజాతికి రెండవ జాతి 2003లో మనుషుల పిల్లల మలంలో దొరికింది. ఆ రెండవ జాతే బంగారుతీగ వంటి మంచినీటి చేపల పేగుల్లో నివసిస్తూ వాటికి బి12 విటమిన్‌ను సమకూరుస్తుందని తేలింది. తిమింగలం పేరు మాత్రం ప్రజాతికి ఉండిపోయింది. హైదరాబాదు నుంచి 2005లో ఎగరేసిన బెలూను తెచ్చిన గాలిలో కణ, అణు జీవశాస్త్ర కేంద్రం (సీసీఎంబీ) శాస్త్రజ్ఞులు వేరుచేసి, 2009లో ఆర్యభటుడి పేరు పెట్టిన బాసిల్లస్ ఆర్యభట్టయి కూడా 2020లో ప్రీస్టియా అనే మరో ప్రజాతికి మారింది. ఇంటిపేరు మారినా ఆర్యభటుడు మాత్రం నిలిచాడు.

పేరు చెరిగిపోయిన సందర్భం మరొకటి ఉంది. సీళ్లలో, సముద్ర సింహాలలో క్షయ కలిగించే మైకోబ్యాక్టీరియంకు 2003లో పిన్నిపీడియై అన్న ప్రత్యేక జాతి హోదా ఇచ్చారు. 2014లో పెరూలో దొరికిన, సుమారు వెయ్యేళ్ల నాటి మూడు మానవ అస్థిపంజరాల నుంచి క్షయ సూక్ష్మజీవి డీఎన్ఏను చదివినప్పుడు, అది మనుషుల్లో నేడు వ్యాపిస్తున్న వంశాలకంటే ఈ సీళ్ల వంశానికే దగ్గరగా ఉంది; ఐరోపావారు రాకముందే అమెరికా ఖండంలో క్షయ ఉండటానికి సముద్రం దాటి వచ్చిన సీళ్లే కారణమై ఉండవచ్చన్న వాదం అలా బలపడింది. 2018లో జన్యురాశుల పోలికను బట్టి పిన్నిపీడియైని మైకోబ్యాక్టీరియం ట్యూబర్‌క్యులోసిస్ జాతిలో ఒక రకంగా కలిపేశారు. అంతమాత్రాన పెరూ కథలో ఒక్క అక్షరం మారలేదు. ఆ కథకు కావలసింది వంశం. వంశానికి ఏ అంతస్తు ఇవ్వాలన్నది వేరే ప్రశ్న. పృథివీత్వం ద్రవ్యత్వంలో ఒదిగినట్లు చిన్న జాతి పెద్ద జాతిలో ఒదగవచ్చని న్యాయం ఎలాగూ ఒప్పుకుంటుంది. ఏ మెట్టును "జాతి" అనాలో మాత్రం అది చెప్పదు, చెప్పడానికి అక్కడ ఏమీ లేదు కూడా.

ఇంతవరకు చెప్పిన బ్యాక్టీరియాలన్నీ గాజుపళ్లెంలో పెరిగినవి. పెరగనివాటి సంగతి వేరు. అమెరికా నౌకాదళం శాన్ డియాగోలో పెంచే డాల్ఫిన్ల నుంచి, సముద్ర సింహాల నుంచి సేకరించిన నమూనాలను స్టాన్‌ఫర్డ్ శాస్త్రజ్ఞులు పరిశీలించి 2016లో ప్రకటించిన అధ్యయనంలో, ఆ ప్రాణుల్లో ఉన్న సూక్ష్మజీవులు వాటి చుట్టూ ఉన్న సముద్రపు నీటిలోని వాటికి, అవి తినే చేపల్లోని వాటికి భిన్నమని, అందులో ఇదివరకు తెలియనివి అనేకమని తేలింది. 2017లో డాల్ఫిన్ నోటి నుంచి తీసిన డీఎన్ఏ ముక్కలను కంప్యూటరు సాయంతో అతికి, జాతికి ఎంతో పైమెట్టయిన వర్గం స్థాయిలోనే కొత్తవైన డెల్ఫీబ్యాక్టీరియా, ఫర్టాబ్యాక్టీరియా అన్నవాటిని ప్రతిపాదించారు. వేరుచేసి పెంచి చూసి పెట్టిన పేర్లు కావివి. పొగను చూసి నిప్పును ఊహించినట్లు, అక్షరాలను చూసి జీవిని ఊహించారు. ఇది అనుమాన ప్రమాణం.

అనుమానం నిలవడానికి వ్యాప్తి కావాలి, అంటే హేతువు ఉన్నచోటల్లా సాధ్యం ఉంటుందన్న నియతి. ఇలాంటి అక్షర వరుస ఉన్నచోట ఇలాంటి జీవి ఉంటుందన్న వ్యాప్తి పెంచి చూసిన బ్యాక్టీరియాల ద్వారానే ఏర్పడింది, కనుక ఈ అనుమానం వెనక ప్రత్యక్షం ఉంది. చిక్కు మరోచోట ఉంది: వందల రకాల జీవుల డీఎన్ఏ కలిసిపోయిన ఉమ్మిలో నుంచి ముక్కలను ఏరి అతికినప్పుడు, రెండు జీవుల ముక్కలు ఒకే జన్యురాశిగా అతుక్కుపోయే ప్రమాదం ఉంటుంది. అప్పుడు హేతువు ఉన్నట్లు కనిపిస్తుందే గాని నిజానికి ఉండదు. హేతువే అసిద్ధమైన హేత్వాభాసం అది. అందుకే పాత నియమావళి ఇలాంటి వాటికి 1990ల మధ్యనుంచి "అభ్యర్థి" అనే అర్థం గల కాండిడాటస్ అన్న విశేషణాన్ని మాత్రమే తగిలిస్తూ వచ్చింది, పూర్తి పేరు ఇవ్వలేదు. 2022లో సీక్‌కోడ్ అనే మరో నియమావళి వచ్చి, నాణ్యత గల జన్యురాశి ఉంటే ఆ అక్షర వరుసనే ప్రమాణంగా పెట్టుకొని పేరు ఇవ్వవచ్చంది. మొదటి నియమావళికి సజీవ సంతానం లేని పేరు చెల్లదు. రెండవదానికి చదివిన వరుస చాలు. ఒకే డాల్ఫిన్ నోటిలోని ఒకే సూక్ష్మజీవికి ఒక నియమావళి ప్రకారం చెల్లుబాటయ్యే పేరు ఉండి, మరొకదాని ప్రకారం లేకపోవడం ఇప్పుడు సాధ్యమే.